సముద్రంలో ప్రాణాలు కాపాడే పని జీతం లేని ఊరివాళ్ల మీద వదిలేయడం సరైనదేనా?

తీరంగాలి:
ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో మౌజల్ అనే చిన్న జాలరిపల్లె ఉంది. దాని పక్కనే పెన్లీ పాయింట్ దగ్గర 1913 నుంచి లైఫ్‌బోట్ షెడ్డు ఉండేది. ఓడ ఆపదలో ఉందని కబురొస్తే ఊళ్లోవాళ్లే చేతిలో పని వదిలేసి వచ్చి బోటెక్కేవాళ్లు.

1981 డిసెంబరు 19 రాత్రి యూనియన్ స్టార్ అనే సరుకు ఓడకు ఇంజిన్ ఆగిపోయింది. కొత్త ఓడ, అదే మొదటి ప్రయాణం. కెప్టెన్ భార్య, ఆమె ఇద్దరు కూతుళ్లతో కలిపి ఎనిమిది మంది ఉన్నారు. పెనుగాలి ఓడను రాళ్ల వైపు తోసేస్తోంది. నేవీ హెలికాప్టర్ వచ్చినా తాడు దించి ఎవరినీ పైకి లాగలేకపోయింది. అప్పుడు 8:12కి సాలమన్ బ్రౌన్ అనే చెక్క లైఫ్‌బోటు నీళ్లలోకి దిగింది. అందులో ఎనిమిది మంది: జాలర్లు, ఒక పబ్ యజమాని, ఒక టెలిఫోన్ ఉద్యోగి, ఇలా.

కెరటాలు 60 అడుగులు. ఆ బోటు ఓడ డెక్ మీదకు ఎగిరిపడింది. అయినా మళ్లీ పక్కకు చేరి నలుగురిని ఎక్కించుకుంది. ఆ మాట రేడియోలో చెప్పాక ఇంకేమీ వినపడలేదు. రెండు వైపులా కలిపి 16 మంది పోయారు.

నాకు ఇది చదివినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. ఇలాంటి పని స్వచ్ఛందంగా జరగాలా, ప్రభుత్వం జీతమిచ్చి చేయించాలా? నా మనసు స్వచ్ఛందం వైపే ఉంది. మీరేమంటారు?

పోర్టుబాబు:
ఆ ఎనిమిది మందికి చేతులెత్తి దండం పెడతాను. కానీ దండం వేరు, పద్ధతి వేరు అండి.

అమెరికా సంగతి చూడండి. 1848 నుంచి న్యూజెర్సీ తీరంలో ప్రభుత్వం బోట్లు, షెడ్లు కట్టించి, నడపడం మాత్రం ఊరివాళ్లకు వదిలేసింది. చూసుకునే నాథుడు లేక సామాన్లు పాడయ్యాయి. 1854లో పౌహాటన్ ఓడ తీరానికి దగ్గర్లోనే పగిలిపోయి వందల మంది వలసదారులు చనిపోయారు. చివరికి 1871లో జీతానికి మనుషుల్ని పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1915లో ఆ కాపాడే శాఖే తీరరక్షక దళమైన కోస్ట్ గార్డ్‌లో కలిసింది. మంటలు ఆర్పడానికి జీతం ఇస్తున్నాం కదా, సముద్రంలో దిగేవాడికి ఎందుకివ్వం?

పెన్లీలో ఇంకో సంగతి ఉంది. ప్రమాదం తర్వాత జనం 30 లక్షల పౌండ్లకు పైగా విరాళాలిచ్చారు. ఆ డబ్బు మీద ప్రభుత్వం పన్ను వేయాలని చూసింది, జనం మండిపడితే వెనక్కి తగ్గింది. భర్త పోయిన మనిషి జనం దయ మీద, పన్నులవాళ్ల దయ మీద బతకాలా?

సరంగుగారి అబ్బాయి:
పోర్టుబాబు గారూ, మీరన్న చివరి మాట నిజం. జీతానికి మనుషుల్ని పెట్టాలన్నది మాత్రం ఒప్పుకోను.

మాది వేట కుటుంబం. బోటు టైముకు ఒడ్డుకు రాకపోతే ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూశాను. ఎవరూ ఆఫీసుకు ఫోన్ చేసి కూర్చోరు. ఫోన్ చేస్తారు, ఈలోపు పక్క బోటువాళ్లు డీజిల్ పోసుకుని బయలుదేరతారు. ఎక్కడ రాళ్లున్నాయో, పోటు ఎప్పుడు తిరుగుతుందో తెలిసింది వాళ్లకే. 2018లో కేరళ వరదల్లో జాలర్లు పడవల్ని లారీల మీద వేసుకొచ్చి వేలమందిని కాపాడారు. ప్రభుత్వం పడవకు రోజుకు 3,000 రూపాయలు ఇస్తామంటే, కొందరు మాకొద్దన్నారు.

పెన్లీ సరంగు, అంటే లైఫ్‌బోటు నడిపే పెద్ద, ట్రెవెలియన్ రిచర్డ్స్. ఆ రాత్రి పన్నెండు మంది వస్తే తనతో కలిపి ఎనిమిది మందితోనే బయలుదేరాడు. నైజెల్ బ్రాక్‌మన్ ఎక్కాడు. అతని కొడుకు నీల్ కూడా వస్తానన్నాడు. ఇలాంటి రాత్రి ఒక ఇంటి నుంచి ఒక్కరే అని రిచర్డ్స్ ఆపేశాడు. ఎవరింట్లో ఎవరున్నారో తెలిసినవాడు కాబట్టి ఆపగలిగాడు. ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చిన ఆఫీసరుకు ఆ లెక్క తెలుస్తుందా?

పోర్టుబాబు:
ఒక ఊరి మనుషులనే ఎక్కిస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని రై హార్బర్ ఊరు చూపించింది కదండీ. 1928 నవంబరు 15న మేరీ స్టాన్‌ఫర్డ్ లైఫ్‌బోటు బోల్తా పడి 17 మంది పోయారు. తండ్రితో పాటు ఇద్దరు కొడుకులు, ఒకే తల్లి బిడ్డలు ముగ్గురు. వాళ్లు వెళ్తున్న ఓడలోని మనుషుల్ని అప్పటికే వేరే ఓడ కాపాడేసింది. వెనక్కి రమ్మని ఒడ్డు నుంచి సిగ్నల్ ఇచ్చినా వీళ్లు చూడలేదు. ఒక్క పూటలో ఊరు ఖాళీ అయింది.

ఇంకోటి అడుగుతాను. పెన్లీలో ఒక్క రోజులోనే కొత్త సిబ్బందికి సరిపడా మనుషులు ముందుకొచ్చారు. అందరూ ధైర్యం అంటున్నారు. అంత చిన్న ఊళ్లో 'నేను రాను' అనే వీలు ఎవరికైనా ఉందా?

తీరంగాలి:
ఈ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. రాత్రంతా ఆలోచించాను. జీతం ఉన్నా కాదనలేని పరిస్థితి ఉంటుంది. అప్పుడు ఒత్తిడి ఉద్యోగం పోతుందన్న భయంగా మారుతుంది, అంతే. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ, అంటే 1824 నుంచి బ్రిటన్‌లో లైఫ్‌బోట్లు నడుపుతున్న సంస్థ, 1854 నుంచి 1869 దాకా ప్రభుత్వ సొమ్ము తీసుకుని, తర్వాత మానేసింది. ఎక్కువగా విరాళాలతోనే నిలబడింది. లండన్‌లో థేమ్స్ నది మీద మాత్రం జీతం తీసుకునే సిబ్బందిని కూడా పెట్టింది, అక్కడ అవసరం అలాంటిది. కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి.

ఒక విషయంలో మాత్రం పోర్టుబాబు గారి వైపు వచ్చేశాను. బోటెక్కేది ఇష్టంతోనే కావచ్చు, కానీ తిరిగి రాకపోతే ఇంటివాళ్లకు అందేది హక్కుగా అందాలి, ముందే రాసి ఉండాలి. విరాళం డబ్బా నిండుతుందేమోనని వాళ్లు చూస్తూ కూర్చోకూడదు.

సరంగుగారి అబ్బాయి:
దానికి నేనూ ఒప్పుకుంటాను. పోర్టుబాబు గారు అడిగిన దానికి ఇంకో సంగతి చెప్పాలి. 1983లో లైఫ్‌బోటును పక్కనున్న న్యూలిన్ రేవుకు మార్చారు. పెన్లీ పాయింట్‌లో పాత షెడ్డు అలాగే ఉంచారు. ఆ రాత్రి ఎక్కనివ్వని నీల్ బ్రాక్‌మన్, తండ్రి పోయిన తర్వాత అదే పనిలో కొనసాగి, అక్కడే సరంగు అయ్యాడు. ఊరి ఒత్తిడి వల్ల ఒక రాత్రి బోటెక్కొచ్చు. ఏళ్ల తరబడి ఎక్కడం ఒత్తిడితో అయ్యే పని కాదని నా నమ్మకం.