న్యూజీలాండ్ 2001లో ఫైటర్ జెట్లు వదులుకోకుండా ఉంటే?

రన్‌వే_రాజా:
చాలా రోజులుగా ఈ ప్రశ్న బుర్ర తినేస్తోంది, ఇక్కడ పడేస్తున్నా. 1998 చివర్లో న్యూజీలాండ్‌లో జెన్నీ షిప్లీ ప్రభుత్వం అమెరికా నుంచి 28 ఎఫ్-16 ఫైటర్లు లీజుకి తీసుకోవాలని నిర్ణయించింది. అవి అసలు పాకిస్తాన్ కోసం తయారైనవి. అణు కార్యక్రమం కారణంగా పాకిస్తాన్‌కి ఆయుధాలు ఆపే ప్రెస్లర్ సవరణ అనే అమెరికా చట్టం వల్ల 1990లో సరఫరా ఆగిపోయి, దాదాపు కొత్తవి కొత్తవిగానే అరిజోనా ఎడారిలో పడి ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి, హెలెన్ క్లార్క్ గెలిచారు, 2000లో ఒప్పందం రద్దు. 2001 డిసెంబర్‌కల్లా పాత స్కైహాక్‌లు, శిక్షణకి వాడే ఎర్‌మాకీ జెట్లు, మొత్తం ఫైటర్ విభాగమే మూసేశారు.

ఆ ఒప్పందం రద్దు కాలేదనుకుందాం. అప్పట్లో 40 లక్షల జనాభా కూడా లేని దేశం ఈ రోజు దాకా ఫైటర్లు నెట్టుకొచ్చేదా? మూసేయడమే కరెక్ట్ అనేవాళ్ళు కూడా రండి, కానీ గొర్రెల జోకులు వద్దు ప్లీజ్.

సుబ్బు_ఆక్లాండ్:
నేనుండేది ఇక్కడే కాబట్టి చెప్తున్నా, ఈ గొడవ ఇప్పటికీ చల్లారలేదు, ఏదో ఒక రక్షణ వార్త వస్తే చాలు కామెంట్లలో స్కైహాక్‌లు లేచి కూర్చుంటాయి. నా ఓటు మాత్రం క్లార్క్‌కే. 1970 నుంచి 2001 దాకా ఆ స్కైహాక్‌లు ఒక్క యుద్ధంలోనూ పాల్గొనలేదు. 1976లో ఒక తైవాన్ చేపల పడవని ఆపడానికి దాని ముందు నీళ్ళలోకి కాల్చారు, చెప్పుకోవడానికి అదే. 1999లో తూర్పు తిమోర్‌కి పోయింది ఎవరు? సైనికులు, హెలికాప్టర్లు, హెర్క్యులిస్ రవాణా విమానాలు. ఆ హెర్క్యులిస్‌లు 1960ల నాటివి! ఎఫ్-16లు ఉంచుకుని ఉంటే వాటి డబ్బు ఇలాంటి వాటి నుంచే కోసేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడి ఒహాకియా వైమానిక స్థావరంలో సముద్రం మీద నిఘా పెట్టే పీ-8లు 4 ఉన్నాయి, చుట్టూ నీళ్ళే ఉన్న దేశానికి అవే ఎక్కువ పని చేస్తాయి.

డ్రాప్‌ట్యాంక్:
డబ్బు సంగతి అందరూ మాట్లాడతారు, గాల్లో ఇంధనం నింపుకోవడం గురించి ఎవరూ మాట్లాడరు. స్కైహాక్‌కి ముందు పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది, దాన్ని పైప్ చివరి బుట్టలోకి దూర్చి నింపుకుంటుంది. న్యూజీలాండ్ వాళ్ళు ఒక స్కైహాక్‌కి ఆ పైప్ సరంజామా తగిలించి ఇంకో స్కైహాక్‌కి పట్టేవాళ్ళు, వేరే ట్యాంకర్ (ఇంధనం నింపే విమానం) లేకుండానే. ఎఫ్-16 పద్ధతి పూర్తిగా వేరు, ట్యాంకర్ నుంచి దిగే గట్టి కడ్డీ లాంటి బూమ్ వచ్చి దాని వీపు మీది రంధ్రంలో కూర్చోవాలి. అలాంటి ట్యాంకర్ న్యూజీలాండ్ దగ్గర లేదు. పక్కనున్న ఆస్ట్రేలియా నడిపింది హార్నెట్ ఫైటర్లు, వాటిదీ గొట్టం పద్ధతే, కాబట్టి వాళ్ళ బోయింగ్ 707 ట్యాంకర్లకి కూడా బూమ్ లేదు. ఆస్ట్రేలియాకి బూమ్ ఉన్న కేసీ-30 ట్యాంకర్లు వచ్చేసరికి 2011. అంటే మీ ఊహా చరిత్రలో మొదటి పదేళ్ళు ఈ 28 విమానాలు బయటి ట్యాంకులు తగిలించుకుని టాస్మాన్ సముద్రం దాటి ఆస్ట్రేలియా దాకా పోగలవు గానీ, అంతకు మించి ఎక్కడికి పోవాలన్నా అమెరికా ట్యాంకర్ కోసం ఎదురు చూడాల్సిందే, అదీ 1980ల్లో అణు నౌకల్ని రేవుల్లోకి రానివ్వమన్న గొడవతో న్యూజీలాండ్ సంబంధాలు చెడగొట్టుకున్న అమెరికా.

ఒక్క ప్లస్ ఉంది. 1980ల చివర్లో కాహు అనే ఆధునీకరణ ప్రాజెక్టులో స్కైహాక్‌లకి పెట్టిన రాడార్ ఎఫ్-16 రాడార్ కుటుంబానిదే. మెకానిక్‌లు సున్నా నుంచి నేర్చుకోనక్కర్లేదు.

పాతలెక్కలు:
సుబ్బు గారూ, యుద్ధంలో వాడలేదు కాబట్టి అనవసరం అనే వాదన నాకు ఎక్కదు. డెన్మార్క్‌ని చూడండి, అప్పటికి జనాభా అరకోటి పైచిలుకు. 2002లో డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్ తలా 6 ఎఫ్-16లు కిర్గిజ్‌స్తాన్‌లోని మనాస్‌కి పంపి అఫ్గానిస్తాన్ మీద నడిపాయి. జెట్లు ఉండుంటే న్యూజీలాండ్‌కీ ఆ పిలుపు వచ్చేది, అప్పటికే వాళ్ళ కమాండోలు అఫ్గాన్‌లో ఉన్నారు కదా. పైగా ఈ 28 కూడా ఆ యూరప్ దేశాల మొదటి ఎఫ్-16ల తరానివే, అవి చేయించుకున్న ఆధునీకరణ వీటికీ సరిపోయేది.

నా లెక్కలో 28 ఎక్కువ. చెక్ రిపబ్లిక్, హంగరీ తలా 14 గ్రిపెన్‌లు (స్వీడన్ ఫైటర్లు) లీజుకి తెచ్చుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాయి. న్యూజీలాండ్ కూడా పదేళ్ళు తిరిగేసరికి సగం తగ్గించుకుని ఒక్క స్క్వాడ్రన్‌తో సరిపెట్టేది. అసలు పోయింది విమానాలు కాదండి, మనుషులు. ఎర్‌మాకీ మీద నేర్చుకుని స్కైహాక్‌కి వచ్చి, సీనియరై మళ్ళీ కొత్తవాళ్ళకి నేర్పే గొలుసు అది. 2001 తర్వాత పైలట్లలో చాలామంది ఆస్ట్రేలియాకీ, బ్రిటన్‌కీ వెళ్ళిపోయారు. ఇప్పుడు డబ్బులు పెట్టి జెట్లు కొన్నా నేర్పేవాడిని అరువు తెచ్చుకోవాలి. 14 జెట్లతోనైనా సరే ఆ గొలుసు తెగకుండా ఉండేది, ఈ ఊహా చరిత్రలో అసలు తేడా అదే.

రన్‌వే_రాజా:
బూమ్ సంగతి నాకు తట్టనే లేదు, సూపర్. ఇంకో కొస ఎవరూ లాగలేదు. న్యూజీలాండ్ వద్దన్నాక ఆ విమానాల్లో కొన్ని అమెరికా నావికాదళానికి శిక్షణలో శత్రు విమానాలుగా నటించడానికి వెళ్ళాయి, ఇంకొన్ని 2005 నుంచి మళ్ళీ పాకిస్తాన్‌కే చేరాయి! మరి 28 కూడా ఒహాకియాలో ఉండుంటే?

పాతలెక్కలు:
పాకిస్తాన్ ఆగేది కాదు. 2001 సెప్టెంబర్ తర్వాత అమెరికాకి వాళ్ళతో అవసరం పడింది, ఇంకెక్కడి నుంచో సర్దేవాళ్ళు. 2006లో కొత్తవి కూడా ఆర్డర్ ఇచ్చారుగా.

సుబ్బు_ఆక్లాండ్:
సరే, 14కి నేనూ ఒప్పుకుంటా. కానీ వాటికి వయసైపోయాక ఏం కొనేవాళ్ళు? డెన్మార్క్, నార్వేల్లాగా ఎఫ్-35 ఫైటర్లు అంటే మాత్రం ఇక్కడ ఏ పార్టీ అయినా ఎన్నికల్లో మునిగిపోతుంది.

డ్రాప్‌ట్యాంక్:
గ్రిపెన్. దానికి గొట్టమే ఉంటుంది 😄