అమెరికా పాటలే అన్ని దేశాల్లో ఎందుకు మోగుతాయి?

మారతహళ్లి_మామ: బెంగళూరు ఇందిరానగర్‌లో ఏ పబ్‌కి వెళ్లినా అమెరికా పాటలే. మొన్న పక్క టేబుల్ వాళ్లు అచ్చం నెల్లూరు యాస, చరణం రాకపోయినా పల్లవి రాగానే గొంతు చించుకుని పాడేస్తున్నారు. ఇదంతా డబ్బు మహిమేనా?

కడప_కోడలు: డబ్బూ ఉందండీ, కాదనను. కానీ పాటల టీవీ ఛానెల్ ఎమ్‌టీవీ వచ్చింది 1981లో, అంతకు చాలా ముందే రేడియో ఆ పని చేసేసింది. 1950ల్లో జమైకా వాళ్లు న్యూ ఆర్లీన్స్, మయామీ స్టేషన్లు పట్టుకుని ఆర్‌అండ్‌బీ (రిథమ్ అండ్ బ్లూస్, అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) వినేవారు, దాన్ని తమ తాళంలోకి తిప్పుకుంటే స్కా, ఆ తర్వాత రెగే అనే జమైకా సంగీత శైలులు పుట్టాయి. మళ్లీ ఆ జమైకాలో పుట్టిన డీజే కూల్ హెర్క్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీతోనే హిప్‌హాప్ (ర్యాప్ ఇందులోదే) మొదలైందంటారు. మరి ఎవరు ఎవరికి నేర్పినట్టు?

డ్రమ్స్_బాబు: ఈ అమెరికా పాటల అసలు మూలం అక్కడి నల్లజాతివాళ్ల బ్లూస్ పాటలు, గాస్పెల్ అనే చర్చి పాటలు. వాళ్ల పేరు మాత్రం ఎవరూ ఎత్తరు, అదే నాకు మంట. 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా వాయించింది కదా, ఆ గిటార్ మోత వెనకా బ్లూసే ఉంది.

మారతహళ్లి_మామ: బాగుంది. మరి మన సినిమాల్లో ర్యాప్ సంగతేంటి బ్రో?

డ్రమ్స్_బాబు: సగం ఇంగ్లిష్ నటనే. యాస మనదైతే వింటా, లేకపోతే స్కిప్.