అప్‌డేట్: పాప ఇంటర్వ్యూ అయిపోయింది

తెలిసిన మనిషే మా పాపతో తప్పుగా ప్రవర్తించాడన్న అనుమానంతో జరిగే విచారణ ఇంటర్వ్యూకి తనను ఎలా సిద్ధం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఏం చెప్పాలో నేర్పించొద్దు" అన్న సలహానే పనికొచ్చింది. నేను పాపతో అన్నది ఇంతే: "జరిగింది జరిగినట్టు చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు. ఏం చెప్పినా అమ్మకు కోపం రాదు."

నన్ను లోపలికి రానివ్వలేదు. మొదట బాధేసింది కానీ అదే మంచిదైంది. నేను ఏడుస్తానని పాప నా దగ్గర చాలా దాచిందట! ముందు ఆటల గురించి మాట్లాడించి, తర్వాతే "మొదటి నుంచి చెప్పమ్మా" అని అడిగారట. తన మాటల్లోనే చెప్పనిచ్చారు, మధ్యలో మాట అందించలేదు. అంతా వీడియో తీశారు.

తేదీలు గుర్తుండవేమోనని నేను పడ్డ టెన్షన్ అనవసరం. పిల్లలకు తేదీలు గుర్తుండకపోవడం, విషయం కొంచెం కొంచెంగా బయటపెట్టడం మామూలేనని ఇంటర్వ్యూ చేసినావిడ చెప్పారు. నేను రాసుకెళ్లిన ప్రశ్నల కాగితం బయటికి తీయనే లేదు.

ఇంటికొచ్చాక ఏం అడిగారు, ఏం చెప్పావు అని నేను తవ్వలేదు. తనంతట తాను మాట్లాడితే వింటున్నాను. కేసు నమోదైంది, ఆ మనిషి పాప దగ్గరికి రాకుండా ఏర్పాటు చేశారు, కౌన్సెలింగ్ కూడా మొదలైంది.