అంతర్వేది ఇసుకకి, లంక బాటలకి: కొత్తవాళ్లు ఏ తాడు కొనాలి?

కోనసీమ జిమ్నీ: కొత్తగా జిమ్నీ (మారుతి వాళ్ల చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి) తీసుకున్నానండి. అంతర్వేది వైపు ఇసుక, వానాకాలం లంకల్లోకి దిగే మట్టి బాటలు, ఎక్కువగా ఇవే నా తిరుగుడు. దిగబడితే లాగడానికి కైనెటిక్ రోప్ (సాగే తాడు) ఒక్కటే సరిపోతుందా, వించ్ (బండికి బిగించే, తాడు చుట్టి లాగే యంత్రం) కూడా పెట్టించాలా? చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు పనికొస్తాయా? ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారా?

రేవు మనిషి: ఇవేవీ వద్దు బాబూ. మన వైపు ఎక్కడ దిగబడినా కేకేస్తే ట్రాక్టర్ వస్తుంది. గొలుసేసి లాగితే బయటపడుతుంది. మా నాన్నగారి కాలం నుంచీ ధాన్యం లారీలు అలాగే లాగుతున్నాం.

గట్టుదారి: ఆ గొలుసు సలహా కొత్తవాళ్లకి చెప్పకండి దయచేసి. మొన్న తొలకరికి మా బావమరిది బండికి అదే చేశారు. ట్రాక్టర్ డ్రైవర్ గొలుసు వదులుగా ఉండగానే క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు, గొలుసు సాగదు కదా, ఆ కుదుపంతా బుల్ గార్డ్ (బంపర్ ముందు బిగించే ఇనప చట్రం) మీద పడి అది బోల్టులతో సహా ఊడి ఎగిరి ట్రాక్టర్ మడ్‌గార్డ్‌కి తగిలింది. డ్రైవర్ తలకి జానెడు దూరం. అసలు బుల్ గార్డులు వద్దని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం చెప్పింది, దానికి కట్టి లాగడమేంటి?

రేవు మనిషి: తప్పు డ్రైవర్‌ది, గొలుసుది కాదు. బిగుతుగా పెట్టి లో గేర్లో మెల్లగా కదిలితే ఏమీ కాదు. మీరు వీడియోలు చూసి మాట్లాడుతున్నారు.

గట్టుదారి: నేను ఆ గట్టు మీదే నిలబడి ఉన్నానండీ. వీడియో ఏంటి?

యానాం ఫోర్‌బైఫోర్: ఇద్దరూ ఆగండి. ఆఫ్‌రోడ్ ఈవెంట్లలో దిగబడ్డ బళ్లని బయటికి లాగేవాణ్ణి, చెప్తా వినండి. కైనెటిక్ రోప్ నైలాన్‌ది, ఇరవై నుంచి ముప్పై శాతం సాగుతుంది, అందుకే కుదుపు ఉండదు. మామూలు టో స్ట్రాప్ పాలిస్టర్, అది సాగదు, దానితో ఊపుగా లాగితే గొలుసుతో లాగినట్టే. తెగే బలం బండి మొత్తం బరువుకి రెండు మూడు రెట్లు ఉండాలి. అలాగని మరీ లావుది వద్దు. జిమ్నీ ఖాళీ బరువు 1,200 కిలోలే, లావు తాడు దానికి సాగనే సాగదు. బండి బరువుకి తగినదే తీసుకోండి. ఛాసిస్‌కి ఉన్న హుక్కుకే తగిలించండి. రెండు తాళ్లని ఇనప షాకిల్‌తో (కొండీతో) కలపొద్దు, తెగితే ఆ షాకిల్ తూటాలా వస్తుంది. తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ తేలిక, అదే కొనండి.

తోట రైతు: వించ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, దాన్ని దేనికి కడతారు? మా కొబ్బరి చెట్లకే కదా! పోయినేడు ఎవరో స్టీల్ తాడు చుట్టి లాగి పోయారు. మామిడికి బెరడు మళ్లీ కమ్ముకుంటుంది, కొబ్బరికి తగిలిన గాయం ఎప్పటికీ మానదు. ఆ గంట్లోంచి ఎర్ర ముక్కు పురుగు దూరుతుంది, లోపలంతా తొలిచేస్తుంది. పైకి తెలిసేసరికి మొవ్వు వాలిపోతుంది. కాపు మీదున్న చెట్టండి అది.

యానాం ఫోర్‌బైఫోర్: అందుకే చెట్టుకి చుట్టే వెడల్పాటి పట్టీ, ట్రీ స్ట్రాప్ ఉంది. చెట్టు మొదలు దగ్గర కట్టుకోవాలి.

తోట రైతు: స్ట్రాప్ సంగతి తర్వాత. ముందు మమ్మల్ని అడిగి కట్టండి. అడిగితే ఎవరూ కాదనరు.

పేరుపాలెం కుర్రాడు: ఇసుకలో ఇవన్నీ తర్వాతి మాట. టైర్లలో గాలి 15-18 పీఎస్ఐకి దించండి, చాలాసార్లు తాడు తీసే పనే ఉండదు. తిరిగి గాలి నింపుకోడానికి చిన్న కంప్రెసర్, ఒక పార. బోర్డులు ఇసుకలో బాగుంటాయి, చక్రం ముందు తవ్వి పెట్టాలి. లంక బురదలో మాత్రం అవే కూరుకుపోతాయి, వాటినే వెతుక్కోవాలి.

గట్టుదారి: ఎవరూ అనలేదు కానీ, లాగేటప్పుడు చుట్టూ జనం. తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం జరపండి. మన ఊళ్లలో పిల్లలు తాడు పక్కనే నిలబడి చూస్తారు.

రేవు మనిషి: ఆ మాట నిజమే. గొలుసు సంగతి నేను ఒప్పుకోను గానీ, ఆ నైలాన్ తాడు మన ఉప్పునీళ్లకి ఎన్నాళ్లుంటుంది?

యానాం ఫోర్‌బైఫోర్: ఇంటికొచ్చాక మంచినీళ్లలో నానబెట్టి జాడించి నీడలో ఆరేయండి. ఇసుక రేణువులు పోగుల్లో ఉండిపోతే లోపల్లోపలే కోసేస్తాయి. పోగులు తెగి కనిపిస్తే ఆ తాడు ఇక లాగడానికి పనికిరాదు.