టాస్క్ మేనేజర్ మార్చుకున్నాను, ఇప్పుడు అసలుదీ లేదు కొత్తదీ లేదు

అరకొర ర్యామ్:
అందరికీ నమస్కారం. విండోస్ 11 వాడుతున్నాను. మూడు నెలల కిందట ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ (టాస్క్ మేనేజర్ లాంటిదే, ఇంకా వివరంగా చూపించే మైక్రోసాఫ్ట్ టూల్) దించుకుని, ఆప్షన్స్ మెనూలో "రీప్లేస్ టాస్క్ మేనేజర్" నొక్కాను. బాగానే నడిచింది. నిన్న డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండిపోయిందని మొత్తం ఊడ్చేశాను. అప్పటి నుంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కినా ఏదీ తెరుచుకోవడం లేదు. స్టార్ట్‌లో వెతికి నొక్కితే ఆ ఫైలు దొరకడం లేదంటోంది. సిస్టమ్32 ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే టాస్క్‌ఎంజీఆర్ (టాస్క్ మేనేజర్ అసలు ఫైలు) నిక్షేపంగా ఉంది! కళ్లెదుట ఉన్నదాన్ని లేదంటుందేమిటి? విండోస్ మళ్లీ ఎక్కించాల్సిందేనా?

ఇంకో సంగతి. ఈ కంప్యూటర్ నేనూ మా తమ్ముడూ ఒకే అకౌంట్‌లో వాడతాం. నేను వీడియో రెండర్ పెట్టి లేస్తే చాలు, "స్లోగా ఉంది" అని ఎండ్ టాస్క్ కొట్టేస్తున్నాడు. వాడికి టాస్క్ మేనేజర్ అందకుండా చేయొచ్చా?

పాత మౌస్:
విండోస్ జోలికి వెళ్లకండి. ఫైలు పోలేదు, దారి మళ్లింది అంతే.

ఆ రీప్లేస్ బటన్ అసలు ఫైలును ముట్టుకోదు. విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో ఒక చీటీ రాసి పెడుతుంది. "ఎవరైనా టాస్క్‌ఎంజీఆర్ అని పిలిస్తే దాని బదులు ఫలానా చోట ఉన్న ఈ ప్రోగ్రామ్‌ను లేపు" అని. మీరు ఊడ్చేసింది ఆ ఫలానా చోటినే. చీటీ మాత్రం అలాగే ఉంది. విండోస్ చీటీ చూసి డౌన్‌లోడ్స్‌కి పరుగెత్తి, అక్కడేమీ లేక చేతులెత్తేస్తోంది.

తీయడం ఇలా. స్టార్ట్‌లో రెజ్‌ఎడిట్ అని వెతికి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, అందులో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్, ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ వరకు దిగండి. పక్కనే ఉత్త "విండోస్" అనే ఫోల్డర్ కూడా ఉంటుంది, అందులోకి కాదు, "విండోస్ ఎన్‌టీ" లోకే. అక్కడ టాస్క్‌ఎంజీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ పేరుతో ఒక కీ ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. తర్వాత కుడివైపు "డీబగ్గర్" అన్న వాల్యూ ఒక్కటే డిలీట్ చేయండి. రీస్టార్ట్ అక్కర్లేదు.

రిజిస్ట్రీ అంటే భయమైతే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ను మళ్లీ దించి, ముందున్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో పెట్టి తెరవండి. ఆప్షన్స్ మెనూలో అదే చోట మళ్లీ నొక్కితే అసలు టాస్క్ మేనేజర్ తిరిగొస్తుంది.

వాల్యూ తీసేముందు అందులో ఏ దారి రాసి ఉందో మాత్రం చదవండి. మీరు పెట్టిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దారే అయితే సరే. ముక్కూమొహం తెలియని ఫైలు పేరుంటే అది వేరే కథ. మాల్‌వేర్ కూడా ఇదే చీటీ రాస్తుంది. అలాంటప్పుడు వాల్యూ తీసేస్తే సరిపోదు, పూర్తి స్కాన్ పెట్టాలి.

అరకొర ర్యామ్:
వచ్చేసింది! డౌన్‌లోడ్స్ దారే ఉంది, తీసేశాను. చాలా థాంక్సండీ. కానీ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌కి అలవాటు పడిపోయాను. మళ్లీ రీప్లేస్ చేసుకోవచ్చా, ఈసారి ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే?

పాత మౌస్:
డెస్క్‌టాప్ కూడా వద్దు. చెరిగిపోతుందనే కాదు, ఇందులో అంతకంటే పెద్ద చిక్కుంది.

ఆ చీటీ కంప్యూటర్ మొత్తానికి ఒకటే, అది రాయాలంటే అడ్మిన్ హక్కు కావాలి. అది చూపించే ఫైలు మాత్రం మీ డౌన్‌లోడ్స్‌లోనో డెస్క్‌టాప్‌లోనో ఉంటే, దాన్ని మార్చడానికి ఏ హక్కూ అక్కర్లేదు. మీ అకౌంట్‌లో నడిచే ఏ చెత్త ప్రోగ్రామైనా ఆ ఫైలు తీసేసి అదే పేరుతో తనది పెట్టుకోగలదు. ఇక మీరు ఎప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కినా లేచేది అదే. కంప్యూటర్‌లో ఏదో తేడాగా ఉందని అనుమానం వచ్చిన రోజే కదా ఆ మూడు మీటలూ నొక్కుతాం! తలుపుకి గట్టి తాళం వేసి, తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టు.

పెట్టాలంటే ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. అక్కడ రాయాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరి. ఫైలు అక్కడికి చేరాకే రీప్లేస్ నొక్కండి.

నన్నడిగితే అసలు రీప్లేసే వద్దంటాను. రెండూ ఉంచుకోండి, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ని టాస్క్‌బార్‌కి పిన్ చేసుకోండి. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చినప్పటి నుంచీ టాస్క్ మేనేజర్ పని అన్నీ బిగుసుకుపోయినప్పుడు లేవడమే. దాన్ని రాసిన డేవ్ ప్లమర్ ఆ జాగ్రత్తలతోనే రాశాడు. ఉదాహరణకి, ముందే తెరిచి ఉన్న టాస్క్ మేనేజర్ కాసేపు పలక్కపోతే ఇంకోటి కొత్తగా లేస్తుంది. ఆ భరోసాను పక్కకు నెట్టడం దేనికి?

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ గొప్పతనం తీరిగ్గా వెతికేటప్పుడు తెలుస్తుంది. ఫోల్డర్ డిలీట్ చేయబోతే "వేరే ప్రోగ్రామ్ వాడుతోంది" అంటుంది చూశారా, అప్పుడు ఫైండ్ మెనూలోకి వెళ్లి ఆ ఫైలు పేరు కొట్టండి. పట్టుకుని కూర్చున్నదెవరో చెప్పేస్తుంది. ఆప్షన్స్‌లో "వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్" పెట్టుకుంటే తయారీదారు డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాములు బయటపడతాయి. వైరస్‌టోటల్ (చాలా యాంటీవైరస్‌లతో ఫైళ్లను పరీక్షించే సైటు) ఆప్షన్ ఫైలు హ్యాష్, అంటే ఫైలు వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే పంపుతుంది, అది పెట్టుకోవచ్చు. దాని కిందే "సబ్మిట్ అన్‌నోన్ ఎగ్జిక్యూటబుల్స్" ఉంది, అది మాత్రం ఫైలునే పంపించేస్తుంది. మీరు సొంతంగా రాసుకున్నవో, ఆఫీసువో ఉంటే దాన్ని ఆన్ చేయకండి.

వేకువ చుక్క:
తమ్ముడి సంగతికి నేను చెబుతాను, ఇందులో నాకు మొట్టికాయ పడింది కాబట్టి.

టాస్క్ మేనేజర్‌ని మూసేసే వాల్యూ పేరు డిజేబుల్‌టాస్క్‌ఎంజీఆర్. డీవర్డ్ (సంఖ్య) రకం, విలువ 1. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ (ఈసారి ఎన్‌టీ కాదు), కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్‌లో పెట్టాలి. సిస్టమ్ కీ లేకపోతే మనమే చేసుకోవాలి. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో "రిమూవ్ టాస్క్ మేనేజర్" అని నేరుగా ఉంటుంది, హోమ్‌లో ఆ ఎడిటర్ లేదు.

నేనేం చేశానంటే, మా వాడి స్టాండర్డ్ అకౌంట్‌లో కూర్చుని, రెజ్‌ఎడిట్‌ని నా అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తెరిచి వాల్యూ పెట్టాను. వాడి టాస్క్ మేనేజర్ హాయిగా తెరుచుకుంటోంది, నాది మూతపడింది! "కరెంట్ యూజర్" అంటే తెర ముందు కూర్చున్నవాడు కాదు, రెజ్‌ఎడిట్‌ని ఎవరి పేరుతో తెరిచామో వాళ్లు. సరిగ్గా చేయాలంటే వాడు లాగిన్ అయి ఉండగా హెచ్‌కీ యూజర్స్ కింద వాడి ఎస్‌ఐడీ (విండోస్ ప్రతి అకౌంట్‌కీ ఇచ్చే గుర్తింపు నంబరు) ఉన్న కీలోకి వెళ్లాలి. వాడి అకౌంట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హూయామ్‌ఐ, ఖాళీ, స్లాష్ యూజర్ కొడితే ఆ నంబరు వస్తుంది.

పాత మౌస్:
వేకువ చుక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఆ పాలసీ తెర మాత్రమే, గోడ కాదు. టాస్క్‌ఎంజీఆర్ తెరుచుకోదు గానీ కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రాసెస్‌ను ఆపేసే టాస్క్‌కిల్ కమాండ్ నడుస్తూనే ఉంటుంది. తమ్ముడికి అది తెలియడానికి ఎంతోసేపు పట్టదు.

అసలు తప్పు ఒకే అకౌంట్ ఇద్దరు వాడటం. అతనికి వేరే స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి. మీరు లేచేటప్పుడు సైన్ అవుట్ కాకుండా అకౌంట్ మారితే రెండర్ మీ సెషన్‌లో నడుస్తూనే ఉంటుంది. స్టాండర్డ్ అకౌంట్‌వాళ్లు అడ్మిన్ హక్కు లేకుండా ఇంకొకరి ప్రాసెస్‌ను ఆపలేరు. ఇక రిజిస్ట్రీ వాల్యూలతో పనేముంది? షట్ డౌన్ చేయబోయినా వేరేవాళ్లు లాగిన్ అయి ఉన్నారని హెచ్చరిస్తుంది. పవర్ బటన్ నొక్కిపట్టుకుంటే మాత్రం ఏ పాలసీ ఆపలేదు, అది మీరూ మీరూ చూసుకోవాల్సిందే.

ఇంకో మాట, తమ్ముడి ఫిర్యాదులోనూ న్యాయం ఉంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, రెండర్ ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ ప్రయారిటీలో "బిలో నార్మల్" పెట్టండి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నంతసేపూ రెండర్ దాదాపు అదే వేగంతో సాగుతుంది, ఎవరైనా వేరే పని మొదలుపెడితే పక్కకి తప్పుకుంటుంది. "రియల్‌టైమ్" మాత్రం సరదాకి కూడా ముట్టుకోకండి, మౌస్ కదలడమే గగనమవుతుంది.

అరకొర ర్యామ్:
బిలో నార్మల్ పెట్టాను, తేడా తెలుస్తోంది. కానీ ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మళ్లీ నార్మల్‌కే వస్తోంది?

పాత మౌస్:
అంతే, టాస్క్ మేనేజర్‌లో పెట్టిన ప్రయారిటీ ఆ ప్రాసెస్ బతికున్నంతవరకే. ఒక బ్యాచ్ ఫైలులో (కమాండ్లు రాసి పెట్టుకునే టెక్స్ట్ ఫైలు) స్టార్ట్ కమాండ్ రాసుకుని దానితోనే తెరవండి. స్టార్ట్ తర్వాత ఖాళీ కోట్స్ జత, ఆ తర్వాత స్లాష్ బిలోనార్మల్, చివర కోట్స్ మధ్య ప్రోగ్రామ్ దారి. ఖాళీ కోట్స్ మరిచిపోతే మీ ప్రోగ్రామ్ దారిని విండో టైటిల్ అనుకుని ఉత్త నల్ల విండో తెరుస్తుంది.

వేకువ చుక్క:
ఎలాగూ టాస్క్ మేనేజర్ సెట్టింగ్స్ దాకా వచ్చారు కాబట్టి "ఆల్వేస్ ఆన్ టాప్" కూడా టిక్ పెట్టుకోండి. ఫుల్ స్క్రీన్ ప్రోగ్రామ్ బిగుసుకుపోతే టాస్క్ మేనేజర్ దాని వెనక తెరుచుకుని కనపడక ఏడిపిస్తుంది. స్టార్ట్ పేజీని డీటెయిల్స్‌కి మార్చుకోవచ్చు. కాలమ్ హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ చేర్చుకుంటే విండోస్ సర్వీసులను నడిపే ఎస్‌వీసీహోస్ట్‌ల గుంపులో ఏది ఏ సర్వీసుదో అర్థమవుతుంది. లిస్టు గెంతులేస్తుంటే కంట్రోల్ నొక్కిపట్టుకోండి, వదిలేదాకా ఆగుతుంది.

అరకొర ర్యామ్:
ఆ కంట్రోల్ కిటుకు ఇన్నాళ్లూ తెలియక ఎన్నిసార్లు పక్క ప్రాసెస్‌ని చంపానో! తమ్ముడికి కొత్త అకౌంట్ చేశాను. వాడి మొదటి ప్రశ్న: "నాకూ అడ్మిన్ ఇవ్వొచ్చుగా?"