మెట్లెక్కే తాత కాలు జారుతోంది: టామ్ అండ్ జెర్రీ చూసి గీసే తమ్ముడికి సాయం కావాలి

తిరుపతి_అక్క:
మా తమ్ముడికి 17 ఏళ్లు, ఆటిజం ఉంది. చిన్నప్పట్నుంచీ టామ్ అండ్ జెర్రీలో తరుముకునే సీన్లే తిప్పి తిప్పి చూస్తాడు. ఇప్పుడు క్రీటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అలిపిరి మెట్లెక్కే తాతని యానిమేట్ చేస్తాండాడు. తాత ఉన్నచోటే నడుస్తాడు, మెట్లు జరుగుతాయి. కానీ ఆనించిన కాలు జారినట్టుంది. ఇంకోటి, ఆ పాత సీన్లు మాన్పించమంటాండారు కొందరు. మాన్పించాల్నా?

పెన్సిల్_పని:
మాన్పించొద్దక్కా. టైమింగ్ నేర్చుకునేది అక్కడే. వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో ‘ఈ’ (E) కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే కదుల్తుంది. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలబడిందో గళ్ల నోటుబుక్కులో రాయమను. సినిమా లెక్క సెకనుకు 24 ఫ్రేములు. బొమ్మకి రెండేసి ఫ్రేములిస్తే సెకనుకు 12 బొమ్మలు. వేగంగా పరిగెత్తే చోట ఒక్క ఫ్రేముకే బొమ్మ మారుతుంది. నెట్‌లో దొరికిన వీడియో సెకనుకు 30 ఫ్రేములదైతే ప్రతి నాలుగిటికీ ఒకటి డబులై, రెండేసి రావాల్సినవి 2, 3, 2, 3 అని వస్తాయి. లెక్క తప్పితే చిరాకు పడే పిల్లోడైతే ఇది ముందే చెప్పి పెట్టు.

కాలు జారేదానికి కారణం చాలాసార్లు ఒకటే. తాత రెండు ఫ్రేములకోసారి మారతాడు, మెట్లు ప్రతి ఫ్రేముకీ కదుల్తాయి. రెండూ కలిసే కదలాల. మెట్టు వెడల్పు 120 పిక్సెళ్లు, ఎత్తు 60 అనుకో. రెండు అడుగులకి 24 ఫ్రేములు, 12 బొమ్మలు, రెండు మెట్లు. తాత కుడివైపుకి ఎక్కుతుంటే, బొమ్మ మారినప్పుడల్లా మెట్లు 20 ఎడమకి, 10 కిందికి. ఆనించిన పాదాన్నీ అంతే జరిపి గీయాల. మొదటి బొమ్మని 13వదిగా మళ్లీ పెట్టొద్దు, 12 బొమ్మలూ అయ్యి లూప్ మళ్లీ మొదటికి తిరిగే చోట తాత తడబడతాడు.

చిత్తూరు_స్పెషల్_టీచర్:
పనిని గంటల్లో కాకుండా బొమ్మల్లో చెప్పండి: “ఈరోజు 4 బొమ్మలు, తర్వాత ఆపేద్దాం.” ఎక్కడ ఆగాలో కంటికి కనబడుతుంది. ఆనియన్ స్కిన్‌లో (పక్క బొమ్మలు లీలగా కనబడే సదుపాయం) ముందొకటి, వెనకొకటి చాలు. ఎక్కువ పెడితే గీతల మీద గీతలు పడి గందరగోళం. బ్రష్షు, సెట్టింగులు చెప్పకుండా మార్చొద్దు. అందరికీ ఇదే సూత్రం పనిచేస్తుందని కాదు, మీవాడు దేనికి కుదురుకుంటాడో మీకే తెలుస్తుంది.

పెన్సిల్_పని:
ఒకటి మర్చిపోయినా. టామ్ అండ్ జెర్రీని సృష్టించిన హన్నా, బార్బెరాలే తర్వాత టీవీకి చేసిన యోగి బేర్ అనే ఎలుగుబంటి బొమ్మకి మెడలో కాలరు ఎందుకో గమనించమను. ఒళ్లు అట్లే ఉంచి తల ఒక్కటే మార్చి గీసేదానికి. అతుకు కాలరు కింద దాగుతుంది. తాత మెడకి తువ్వాలు చుడితే మాట్లాడే షాట్లలో చాలా పని తగ్గుతుంది.

తిరుపతి_అక్క:
మెట్లు సరిపోయినాయన్నా. తువ్వాలొద్దు, తులసిమాల వేస్తానంటాండాడు.

పెన్సిల్_పని:
మాల సన్నం, అతుకు దాగదు. రెండూ వెయ్యమను. మాలకి వేరే లేయరు పెట్టి, ఒంటికంటే ఒక బొమ్మ ఆలస్యంగా ఊపితే చాలు.