గేదె వడ్లు మెక్కింది, నెమరు ఆగింది. నీళ్లు పెట్టొచ్చా?

ప్రశ్న (పాడిరైతు): ముర్రా గేదె, 450 కిలోలు ఉంటుంది. రాత్రి తాడు తెంపుకుని అర బస్తా వడ్లు తినేసింది. పొద్దున్నుంచి నెమరు లేదు, పళ్లు కొరుకుతోంది. పేడ పలచగా, పుల్లటి వాసనతో పడుతోంది. నీళ్ల తొట్టి వదలడం లేదు. ఉబ్బరం మందు పట్టనా? నీళ్లు తాగనివ్వొచ్చా?

జవాబు (పాడి సలహాదారు): ఎడమ డొక్కను పిడికిలితో నొక్కి వదలండి. ఉబ్బరమైతే డప్పులా మోగుతుంది. గింజలు ఎక్కువైతే లోపల నీళ్లు గలగలమంటాయి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది రెండోదే, ఉబ్బరం మందుతో పోదు.

పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులకు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6-7 మధ్య ఉండాలి. పిండిపదార్థం ఒక్కసారిగా వచ్చిపడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. పీహెచ్ 5 దాకా దిగితే గడ్డిని అరిగించేవి చస్తాయి, పొట్ట కదలడం మానేస్తుంది. నెమరు లేకపోతే ఆమ్లాన్ని విరిచే లాలాజలమూ తగ్గిపోతుంది.

ఇక నీళ్లు. ఆమ్లం పేరుకుని పొట్టలోని ద్రవం రక్తం కన్నా చిక్కబడుతుంది, ఒంట్లోని నీటిని తనలోకి లాగేస్తుంది. పొట్ట నిండా నీళ్లున్నా కళ్లు గుంటలు పడేదీ, మూత్రం తగ్గేదీ, దాహం తీరనిదీ ఇందుకే. ఇప్పుడు తాగినవీ ఆ పొట్టలోనే చేరతాయి. కాబట్టి మొదటి 12 నుంచి 24 గంటలు కడుపారా తాగనివ్వకండి. ఒంటికి కావలసిన నీరు సెలైన్‌గా నరంలోకి ఎక్కించాలి. దాణా, తౌడు ఆపేసి ఎండుగడ్డి మాత్రమే వేయండి.

పాడిరైతు: వంటసోడా నీళ్లలో కలిపి పట్టమంటున్నారండీ, పట్టమంటారా?

జవాబు (పశువైద్యుడు): వద్దండీ, ముందు డాక్టరు గారిని పిలవండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. సోడా ఆమ్లంతో కలిస్తే గ్యాస్ పుడుతుంది. కదలని పొట్ట దాన్ని త్రేన్పుగా బయటికి పంపలేదు, ఉబ్బరం కూడా తోడవుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌ను గొట్టంతో పొట్టలోకి వేయడం మేలు. తల పైకెత్తి, నాలుక లాగి సీసాతో మాత్రం పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, అప్పుడు వడ్ల కన్నా అదే చంపుతుంది.

గొట్టంతో తీసిన ద్రవాన్ని పీహెచ్ కాగితంతో చూస్తాం. 5 నుంచి 6 ఉంటే మందులతో నిలబడుతుంది. 5 కన్నా తక్కువై, గేదె పడుకుండిపోతే పొట్ట కడగాలి, లేదా కోసి గింజలు తీసేయాలి. ఆలస్యం చేస్తే అదీ పనికిరాదు.

పాడి సలహాదారు: ఆమ్లం విరిగినా లోపల సూక్ష్మజీవులు ఉండవు. ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్దపొట్ట నుంచి తీసిన ద్రవాన్ని గుడ్డతో వడకట్టి, వెచ్చగా ఉండగానే 8 నుంచి 16 లీటర్లు గొట్టంతో ఎక్కిస్తే నెమరు త్వరగా తిరిగొస్తుంది. బీ1 ఇంజెక్షన్ గురించీ అడగండి, ఆ విటమిన్ తయారుచేసేదీ ఈ సూక్ష్మజీవులే. తర్వాత రోజుల్లో గిట్టలు వేడెక్కి కుంటుతుందేమో చూడండి. చూడి గేదెకైతే ఈచుకుపోయే ప్రమాదమూ ఉంది.

పొట్టున్న వడ్లు కాస్త నెమ్మదిగా పులుస్తాయి. నూకలు, పిండి, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం అంతకన్నా వేగంగా పులుస్తాయి, గంపల కొద్దీ కుమ్మరించకండి.